కిలో ఇసుక

కార్ఖానా, సికింద్రాబాద్
20 ఏప్రిల్ 2025

నవతా బిడ్డా,

అత్తమ్మకు వేరే ఉత్తరం రాస్తానని నువ్వు ఫోన్లో చెప్పావట. మీ నాన్న వచ్చి ఆ మాట చెప్పగానే, ముందు నేనే రాయాలని కూర్చున్నాను. మీ ఆర్మీ ఆఫీసర్ల ట్రైనింగులో ఆదివారం ఇచ్చే పది నిమిషాల ఫోను మీ అమ్మానాన్నలకే చాలదు. మేనత్త వంతు ఎప్పుడు రావాలి? బడిలో ఇన్నేళ్లుగా పిల్లల చేత లేఖలు రాయిస్తూనే ఉన్నాను. అన్నీ సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయులకు రాసేవే. సొంత మనిషికి రాసి ఎన్నాళ్లయిందో! విరిగి అతికిన చెయ్యి కదా, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

ఇక నీ బ్యాగు సంగతి. వెళ్లే ముందు రోజు నీ కాలేజీ బ్యాగు నా మంచం మీద పడేసి, "దీంట్ల బరువు పెట్టుకొని నడువు అత్తమ్మా, ఎముకలు గట్టివడ్తయి" అని చెప్పి పోయావు. జనవరిలో మన ఇంటి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి నేనెట్లా ఉన్నానో నువ్వు చూశావు. ఎముకలు పలచబడుతున్నాయని స్కానింగులో తేలగానే మామయ్య నన్ను బిందె ముట్టనివ్వలేదు, బడికి పోనివ్వలేదు. కింద సీటు కవర్ల దుకాణంలో మిషను కుడుతూనే పైన నా అడుగుల చప్పుడు వింటుంటాడు. చప్పుడు ఆగితే మెట్లెక్కి వచ్చేస్తాడు. యాభై నాలుగేళ్లకే గాజుబొమ్మనైపోయాను.

అందుకే ధైర్యం చేసి ఎముకల డాక్టరును అడిగాను. "నడవండమ్మా, మంచిదే. కొంచెం బరువుతో మొదలుపెట్టండి, నొప్పి వస్తే ఆపండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే రెండు కిలోల బియ్యం ప్యాకెట్టు బ్యాగులో వేసుకుని బయలుదేరాను. పికెట్ దాకా పోయేసరికి బియ్యం అడుక్కి జారింది. బ్యాగు నడుం కింద ఊగుతూ, ఎవరో వెనక నుంచి పట్టి గుంజుతున్నట్టే ఉంది. ఇంటికొచ్చి పడుకున్నదాన్ని సాయంత్రం దాకా లేవలేదు.

లేపింది మీ నాన్న. మారేడ్‌పల్లి నుంచి స్కూటరేసుకుని ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"అక్కా, ఏందీ, బావతోని పంచాయితీ అయ్యిందా? పొద్దుగాల్నే బ్యాగు సదురుకొని ఇంట్లకెల్లి పోయినవంట!"

"పోయిన, మల్ల వచ్చిన. నడకకు పోయిన తమ్మీ."

"నడకకు బ్యాగెందుకు?"

"బరువుకు."

"బరువెందుకు?"

"నీ బిడ్డను అడుగు."

ఆ చూసినవాళ్లెవరో, మీ నాన్నకు ఫోను చేసినవాళ్లెవరో ఇప్పటికీ చెప్పడం లేదు. మామయ్య మాత్రం ఆ రోజంతా మొహం ముడుచుకునే ఉన్నాడు. నేను ఆపను. కానీ ఎట్లా మోయాలో నువ్వే చెప్పాలి. చెన్నై ఎండలకు తలకు నూనె పెట్టుకుంటున్నావా?

నీ ఉత్తరం కోసం గేటు చప్పుడు వింటూ ఉండే
అత్తమ్మ


చెన్నై
4 మే 2025

ప్రియమైన అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వితే సీనియర్ చూసి గ్రౌండు చుట్టూ పరుగెత్తించింది. నాన్న స్కూటర్ మీద ఆ రావడం తలచుకుని పరుగెడుతూ కూడా నవ్వాను.

రెండు కిలోలతో మొదలుపెట్టమని ఎవరన్నారు నీకు? తప్పు నాదే, బ్యాగు పడేసి పోయాను, చెప్పలేదు. ముందు కొన్నాళ్లు ఒక్క కిలో చాలు. బియ్యం అట్లాగే వెయ్యకు, తువ్వాలు చుట్టి పైకి పెట్టు, నీ రెండు భుజాల మధ్యకు రావాలి. పట్టీలు బిగించు, బ్యాగు నీ వీపుకు అతుక్కోవాలి, ఊగకూడదు. మా డ్రిల్ ఉస్తాద్, అదే మాకు కవాతు నేర్పే ఆయన, రోజూ అరిచేది అదే. బరువు దూరంగా ఉంటే నిన్ను లాగుతుంది, దగ్గరుంటే నీతో నడుస్తుంది అంటాడు. ముందుకు వంగకు. చెప్పులతో వెళ్తున్నావేమో, బూట్లు కొనుక్కో, మామయ్య తిట్టినా సరే. రోజు విడిచి రోజు నడువు. పక్కన మనిషి ఉంటే మాట్లాడుతూ నడవగలగాలి. మాట రాకపోతే బరువు ఎక్కువైనట్టే. ఒక బరువు అలవాటయ్యాక, అదీ వారాల మీద, ఇంకొంచెం కలపాలి. తొందర వద్దు.

నా సంగతి అంటావా, ఇక్కడ అమ్మాయిల్లో అందరికన్నా పొట్టి నేనే. బ్యాగు వేసుకుంటే వెనక నుంచి చూసేవాళ్లకు బ్యాగుకు కాళ్లు మొలిచినట్టు ఉంటుందట. మా రూమ్మేటు అంటుంది. మడమలకు బొబ్బలు వచ్చి పగిలి మళ్లీ వచ్చాయి. నాన్నకు చెప్పకు. తిండి బాగుంది. పప్పు మాత్రం మనది కాదు.

కాళ్లు నొప్పులున్నా నీ దగ్గరే ఉన్న
నవత


కార్ఖానా
15 జూన్ 2025

బిడ్డా నవతా,

నీ ఉత్తరంలో "బొబ్బ"కు ఒత్తు సరిగ్గా పెట్టావు, సంతోషం. బొబ్బలు తగ్గాయా?

ఇక్కడ ఎన్ని మారాయో విను. నీ ఉత్తరం వచ్చిన రోజే గట్టిగా చదివాను, మామయ్యకు వినబడేలా. ఆయన విని కిందికి పోయాడు. సాయంత్రం రెగ్జిన్‌తో కుట్టిన చిన్న సంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు, దిండు ఆకారంలో, నాలుగు వైపులా గట్టి కుట్టు. "కిలో ఇసుక. బియ్యం లెక్క జారది" అన్నాడు. బ్యాగు పట్టీలకు కూడా స్పాంజి వేసి కుట్టాడు. కారు సీటంత మెత్తగా ఉన్నాయి. నేను "కుట్టుకూలి ఎంతా?" అన్నాను. నవ్వాడు. జనవరి తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

అప్పటి నుంచి సంచి అలవాటైనప్పుడల్లా ఇంకోటి కుట్టమంటున్నాను. వద్దంటాడని ప్రతిసారీ మాటలు సిద్ధం చేసుకుంటాను. వద్దనడు. మర్నాటికి కుట్టి తెస్తాడు. ఇప్పుడు బ్యాగులో ఐదు సంచులున్నాయి! మా బడి దేవకృప టీచర్ కూడా నాతో నడుస్తోంది. ఖాళీ చేతులతో వస్తుంది, అయినా ఆమెకే ఆయాసం. "మీకు బరువే లేనట్టు నడుస్తున్నారు మేడమ్" అంటే లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను.

అసలు వార్త ఇప్పుడు. బడులు తెరిచారు, నేను పోయాను! నా ఏడో తరగతి పై అంతస్తులో. పిట్టగోడ పట్టుకోకుండా మెట్లు ఎక్కాను. పిల్లలు "టీచర్ చెయ్యి చూపించండి" అని మూగారు. సాయంత్రం ఆటో పిలవకుండా బస్సెక్కి వచ్చాను. ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చుని కాసేపు ఏడ్చాను. బాధకు కాదు.

మీ అమ్మ మామిడికాయ పచ్చడి పెట్టింది. నీ వంతు జాడీ నా దగ్గరే దాచాను, మీ నాన్న చేతికి అందకుండా.

ఐదు కిలోల అత్తమ్మ


చెన్నై
28 జూన్ 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం మా రూమ్మేటుకు హిందీలో చదివి వినిపించాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఆ ముక్క రెండోసారి చదివాను.

కానీ నెల రోజుల్లో ఐదు కిలోలా? నేనేం రాశాను, వారాల మీద కలపమని కదా! నీ ఎముకల సంగతి మరిచిపోయావా? తుకారాం కిరాణాలో కాటా ఉంది కదా, బ్యాగులో సంచులన్నీ తూయించి నిజం బరువు ఎంతో రాయి. మామయ్య ఉజ్జాయింపుగా పోసి ఉంటాడు, ఎక్కువే ఉందేమోనని నా భయం. ఐదు అనుకుంటూ ఏడు మోస్తున్నావేమో.

నీకొక మాట చెప్పాలి. బరువు బ్యాగుతో పరుగు పరీక్షలో నేను తప్పాను. మొత్తం స్క్వాడులో ఇద్దరమే. జూలై చివర్లో మళ్లీ పెడతారు. ఆ రోజు రాత్రి చాలా సిగ్గనిపించింది. విరిగిన చేతితో మా అత్తమ్మ ఐదు కిలోలకు వచ్చిందంటే నేను ఇక్కడ ఏం చేస్తున్నట్టు? అందుకే ఆదివారాలు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, ఉస్తాద్ చెప్పినదానికన్నా ఎక్కువ బరువు పెట్టుకుని ఒక్కదాన్నే నడుస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నీకే.

తప్పకుండా తూయించు.

నవత


కార్ఖానా
6 జూలై 2025

నవతకు,

ఉత్తరం అందింది. నీ అత్తమ్మ గొప్పలకు పోయి లేని బరువు రాస్తుందనా, లేక లెక్క తెలియదనా? మీ మామయ్య చేతి కొలత నలభై ఏళ్లుగా తప్పలేదు. నాకు ఏదీ బరువు అనిపించడం లేదు, అది కూడా నా తప్పేనా?

సరే. నీ తృప్తి కోసం రేపు బడి నుంచి వచ్చాక బ్యాగు తుకారాం దగ్గరికి తీసుకుపోతాను. వచ్చే ఉత్తరంలో కాటా చెప్పిన మాటే రాస్తాను, అప్పుడైనా నమ్ముతావేమో.

పరీక్ష గురించి బెంగ పెట్టుకోకు.

అత్తమ్మ


కార్ఖానా
22 జూలై 2025

బిడ్డా,

ఆలస్యమైంది. లష్కర్ బోనాలు అయ్యాయి. మారేడ్‌పల్లిలో మీ ఇంటికే పోయాను. మన ఇంటి బోనం ఈసారి మీ అమ్మ ఎత్తింది, నేను పక్కన నడిచాను. జనం, డప్పులు, వాన, అన్నీ ఎప్పటిలాగే. నువ్వు లేని లోటు ఒకటే.

నడక ఆపాను. వానలు కదా.

నువ్వు ఆదివారాలు ఎక్కువ బరువు పెట్టుకుని నడవకు. ఎందుకని అడగకు. ఉస్తాద్ ఎంత చెబితే అంతే పెట్టుకో. నా ఐదు కిలోలు చూసి రోషం తెచ్చుకోకు. ఈ ఒక్కమాట విను.

అత్తమ్మ


చెన్నై
3 ఆగస్టు 2025

అత్తమ్మా,

నీకు ఏమైందో నిజం చెప్పు. మళ్లీ పడ్డావు కదూ? ఎందుకని అడగకు అని రాశావు. నువ్వు ఎప్పుడైనా అట్లా రాస్తావా? బోనం కూడా ఎత్తలేదు. ఆదివారం ఫోన్లో నాన్నను అడిగితే, "అత్తమ్మ మంచిగనే ఉంది. కానీ మామయ్యతోని మాట్లాడుత లేదు" అన్నాడు. ఎందుకంటే తెలియదన్నాడు. నేను తూయించమన్నందుకు నువ్వు నొచ్చుకున్నావు, అందుకు నడక మానేశావు, మామయ్య నడవమంటే గొడవైంది. అంతేనా? అట్లాగైతే నన్ను తిట్టు. నడక మాత్రం ఆపకు.

నేను ఈ ఉత్తరం ఇక్కడి ఆస్పత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. భయపడకు. కుడి కాలి ముందు ఎముకలో సన్నని చీలిక వచ్చింది. పరీక్షకు మూడు రోజుల ముందు అడుగు పెట్టలేకపోయాను. ఎక్స్‌రే చూసి డాక్టర్ మేజర్ ఒకటే అడిగారు, "చెప్పినదానికన్నా ఎక్కువ మోశావా?" అని. అవునన్నాను. నీ ఉత్తరం నాకు ఆలస్యంగా చేరింది, అప్పటికే మంచం మీద ఉన్నాను.

కాలు మానేసరికి ఈ టర్మ్ అయిపోతుంది. ఒక టర్మ్ వెనక్కి వేస్తారు. నాతో వచ్చినవాళ్లు ముందుకు పోతారు, నేను కొత్తవాళ్లతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. లేదా సంతకం పెట్టి ఇంటికి వచ్చేయొచ్చు. నాన్న వచ్చేయమంటున్నాడు. నాకు ఏమీ తోచడం లేదు.

నవత


కార్ఖానా
12 ఆగస్టు 2025

నా బంగారు తల్లీ,

నేను పడలేదు. నీ మీద కోపం లేదు. అన్నీ వరుసగా చెబుతాను, ఓపికగా చదువు.

ఆ సోమవారం బడి నుంచి వచ్చి బ్యాగు తీసుకుని తుకారాం కిరాణాకు పోయాను. దేవకృప టీచర్ కూడా సబ్బు కొనుక్కోవడానికి వచ్చింది. నేను ఐదు సంచులూ తీసి కాటా మీద దర్జాగా పెట్టాను. తుకారాం చూశాడు. సంచులు దించి, కాటా తుడిచి, మళ్లీ పెట్టాడు.

"అక్కా, ఎంతున్నయని చెప్పినవ్?"

"ఐదు."

"రెండున్నర సుత లేవు."

దేవకృప సబ్బు వాసన చూస్తున్నట్టు అటు తిరిగింది. తుకారాం చాకుతో ఒక సంచి కుట్టు విప్పాడు. మధ్యలో గుప్పెడు ఇసుక మూట, చుట్టూ స్పాంజి. దగ్గరగా, చక్కగా, వేలు పెట్టి నొక్కినా తెలియకుండా. మామయ్య పనితనం.

ఇంటికి వచ్చి ఆ సంచి ఆయన మిషను మీద పెట్టాను. దుకాణంలో ఎవరూ లేరు.

"ఇది ఎంత?" అన్నాను.

ఆయన సంచి వైపు చూసి కాలు మిషను మీంచి తీశాడు. "కాటా కాడికి పోయినవా?"

"ఎంత అని అడుగుతున్న."

"అర కిలో. ఒక్కోటి అరకిలో గూడ ఉండది."

"వద్దనుకుంటే వద్దని చెప్పాలె. గిట్ల చేస్తరా?"

విప్పిన కుట్టు దగ్గర దారం పోగు లాగి పారేశాడు. తర్వాత అన్నాడు, "నువ్వు పడ్డనాడు నీ చెయ్యి ఎట్ల వంగిందో నువ్వు చూడలే లతా. కండ్లు మూసుకున్నవ్. నేను చూసిన. ఇసుక పోస్తుంటే అదే యాదికొస్తది, చెయ్యి ఆగిపోతది. వద్దని చెప్దామనుకున్న. కానీ పొద్దుగాల బ్యాగేసుకొని నువ్వు గేటు దాటుతుంటే నీ మొఖం ఎట్లుంటదో నీకు తెల్వది. ఆ మొఖం పోగొట్టబుద్ధి కాలే. బరువు పెట్టబుద్ధి సుత కాలే."

అప్పుడు నా మనసు కరగలేదు. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే, దేవకృప ముందు, పిల్లల ముందు, నీ ముందు నేను చెప్పుకున్న ఐదు కిలోలు. "పిల్లకు రాసిన. ఐదు మోస్తున్నానని పిల్లకు రాసిన. అది నన్ను చూసి ఎక్కువ మోస్తున్నది అక్కడ" అన్నాను. ఆయన మొహంలో రక్తం లేదు. నీ సంగతి ఆయనకు తెలియదు మరి. ఆ రోజు నుంచి నేను మాట్లాడలేదు. బ్యాగు తలుపు వెనక తగిలించాను.

నీకు అప్పుడే రాయాల్సింది. పరీక్ష ముందు నీ ధైర్యం పోతుందేమోనని భయపడ్డాను. నిజం రాయకుండా, ఎందుకని అడగకు అని రాశాను. నువ్వు వేరే అనుకున్నావు. చూశావా, మామయ్య నా బ్యాగులో స్పాంజి పెట్టాడని అలిగిన నేను, నీ ఉత్తరంలో స్పాంజి పెట్టాను. నీ కాలు గురించి చదివినప్పటి నుంచి అన్నం దిగడం లేదు.

నీ ఉత్తరం మామయ్య చేతికి ఇచ్చాను. చదివి, కిందికి పోయి, ఐదు సంచులూ విప్పాడు. స్పాంజి అంతా తీసేసి ఇసుక నింపి, ఒక్కొక్కటీ సరిగ్గా కిలో ఉండేలా తుకారాం దగ్గర తూచుకొచ్చి బల్ల మీద వరుసగా పెట్టాడు. "నీ ఇష్టం. ఎన్ని పెట్టుకుంటవో నువ్వే పెట్టుకో" అన్నాడు. నేను రెండు తీసుకున్నాను. నేను ఇన్నాళ్లూ నిజంగా మోసింది అంతే కదా, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. నిన్న పొద్దున పోయి వచ్చాను.

ఇప్పుడు మీ నాన్న మాట. "నువ్వు రాస్తే వింటది అక్కా, వచ్చెయ్యమని రాయి" అని బతిమాలాడు. రాస్తున్నాను, మీ నాన్న వచ్చేయమంటున్నాడు. ఇక నా మాట. రావాలనిపిస్తే రా. వచ్చినా ఈ ఇంట్లో నిన్ను ఎవరూ తక్కువగా చూడరు, చూస్తే నేను ఊరుకోను. కానీ సంతకం పెట్టే ముందు ఒకటి చూసుకో బిడ్డా, భయం నీదా, మాదా? మా భయాన్ని ప్రేమ అని నువ్వు మోయనక్కర్లేదు. నీ భయమైతే, దానికి సిగ్గుపడనక్కర్లేదు.

కాలు కదపకుండా పడుకో. ఎముక తొందరపెడితే వినదు, నాకు తెలుసు.

నీ అత్తమ్మ


చెన్నై
30 ఆగస్టు 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం చేరడానికి ముందు రోజే మేజర్ మేడమ్‌కు చెప్పేశాను. ఉంటాను. మళ్లీ మొదటి నుంచి. నీ ఉత్తరం ముందే వచ్చి ఉంటే, నీ మాట విని ఉండిపోయానా, నా మాట విని ఉండిపోయానా అని నాకు జీవితాంతం అనుమానం ఉండేది. ఈ ఒక్కసారికి పోస్టువాళ్ల ఆలస్యం మంచే చేసింది.

ఎందుకు ఉంటున్నానంటే సరిగ్గా చెప్పలేను. మా స్క్వాడు పొద్దున్నే ఆస్పత్రి కిటికీ పక్క నుంచి పరుగెత్తుతుంది. చప్పుడు వినగానే నా పాదాలు దుప్పటి కింద కదులుతాయి. వద్దనుకున్నా కదులుతాయి. అంతే.

నా కాలు నీ ఇసుక వల్ల చీలలేదు. నీకు మెల్లగా అని రాసిన చేత్తోనే నేను దొంగతనంగా బరువు పెంచుకున్నాను. దయచేసి అన్నం తిను. ఐదు కిలోలు అబద్ధమైతే కానివ్వు, పై అంతస్తుకు మెట్లు ఎక్కింది స్పాంజి కాదు కదా. బస్సు ఎక్కింది స్పాంజి కాదు.

మామయ్య మీద నాకు కోపం రావాలి. రావడం లేదు. ఒక మనిషి పడుకునే ముందు కూర్చుని, పెళ్లాం వీపుకు ఎంత మెత్తగా ఉండాలా అని స్పాంజి కోసి కుట్టడం ఊహించుకుంటే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. ఇంక అట్లా చేయొద్దని మాత్రం చెప్పు. మాట్లాడుతున్నావా ఆయనతో? "నిన్న పొద్దున పోయి వచ్చాను" అని రాశావు, ఒక్కదానివేనా?

కర్రల సాయంతో నడుస్తున్నాను. వీపు ఖాళీగా ఉంటే ఎట్లాగో ఉంది.

నాన్నకు నువ్వే నచ్చజెప్పాలి. నాతో ఫోన్లో ముక్కు చీదడం తప్ప ఏమీ మాట్లాడటం లేదు.

నవత


కార్ఖానా
28 సెప్టెంబర్ 2025

నవతా,

మీ నాన్నకు నచ్చజెప్పాను అనను గానీ, మొన్న బతుకమ్మకు పూలు తెచ్చి ఇస్తూ, "కొత్త బ్యాచ్ ఎప్పట్నుంచి షురూ అంట అక్కా?" అని తనే అడిగాడు. అంతవరకు వచ్చింది. మిగతాది నెమ్మదిగా.

మామయ్యతో మాట్లాడుతున్నానా అని అడిగావు. మాట్లాడకుండా ఎన్నాళ్లుంటాం, ఒకే పప్పు, ఒకే కంచాలు. మొదట "ఉప్పు" అన్నాను. ఆయన ఉప్పు ఇచ్చి, "ఇంకా?" అన్నాడు. అట్లా మొదలైంది.

పోయిన వారం పొద్దున నేను బ్యాగు వేసుకుని గేటు తీస్తుంటే వెనక "ఆగు" అని వినబడింది. మామయ్య! ఆయన వీపు మీద కూడా ఒక బ్యాగు. ఎప్పుడు కుట్టుకున్నాడో, నల్ల రెగ్జిన్, పసుపు దారం, అచ్చం ఆటో సీటులా ఉంది. నాకు నవ్వు ఆగలేదు. "నవ్వకు. నాకు సుత డాక్టర్ నడవమన్నడు" అన్నాడు. షుగరు ఉందని ఏళ్ల తరబడి చెబుతుంటే వినని మనిషి! బ్యాగులో ఎంత ఉందని అడిగితే, "రెండు సంచులు. నీకు ఎన్నో నాకు గన్నే" అన్నాడు. మొదటి రోజు ఒక్కటి చాలని నీ మాటలన్నీ చెప్పాను. వినలేదు. నేను నెలలుగా నడుస్తున్నదాన్ని, ఆయన రోజంతా మిషను ముందు కూర్చునే మనిషి.

పికెట్ దాకా బాగానే వచ్చాడు, దారిలో కనబడ్డ ప్రతి బండి సీటునూ తిడుతూ. మారేడ్‌పల్లి వైపు రోడ్డు ఎత్తెక్కే చోట తిట్లు ఆగిపోయాయి. చూస్తే మొహమంతా చెమట, నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. ఒక మూసిన దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చాను. పొద్దున పాలబండ్లు, ఆటోలు పోతున్నాయి. మేమిద్దరం వీపుల మీద బ్యాగులతో, ఎక్కడికో ఊరికి పోయే వాళ్లలా కూర్చున్నాం.

"తిరిగి పోదామా?" అన్నాను.

"నువ్వు మీ తమ్ముని ఇంటి దాక పోతవ్ గద రోజు?"

"పోతా."

"అయితే పోదాం."

లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. బ్యాగు దించి, జిప్పు తీసి, ఒక సంచి బయటికి తీశాడు. దాన్ని చేతిలో పట్టుకుని ఆ మెట్ల వైపు చూశాడు, అక్కడ పెట్టి పోదామా అన్నట్టు. నేను చెయ్యి చాపాను. అదే, విరిగి అతికిన చెయ్యి, కుడిది. కావాలని చాపలేదు, అలవాటుగా ముందుకొచ్చింది.

ఆయన నా మణికట్టు చూశాడు. కుట్టేటప్పుడు సూదిలోకి దారం ఎక్కించడానికి చూస్తాడు చూడు, అట్లా. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"బరువుంటది" అన్నాడు.

"ఉండనీ."

కిలో ఇసుక నా చేతిలో పెట్టాడు. వెంటనే వదల్లేదు. కింద తన చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే పట్టుకున్నాడు. నా వేళ్లు బిగిశాక, ఒక్కొక్క వేలే తీసుకున్నాడు. నేను దాన్ని నా బ్యాగులో పైన సర్దుకుని పట్టీలు బిగించాను. ఆ పొద్దు నాకు మూడు, ఆయనకు ఒకటి. మీ ఇంటికి చేరేసరికి మీ అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. మమ్మల్ని చూసి చాయ్ పెట్టడానికి లోపలికి పరుగెత్తింది.

నువ్వు కర్రలు వదిలిన రోజు నాకు రాయి. ఖాళీ వీపుతో ఎంత దూరం నడిచావో రాయి, అది కూడా లెక్కే.

మామయ్య పక్కన నుంచి తొంగి చూస్తున్నాడు, తన ఆయాసం గురించి రాశానేమోనని. రాశాను.

నీ
అత్తమ్మ